డెబియన్‌లో దిక్కులేని ప్యాకేజీని తీయించాను: నా అనుభవం

ఎట్టకేలకు పీడ విరగడైంది. జీటీకే2 (కిటికీలూ బటన్లూ గీసే పాత లైబ్రరీ) మీద రాసిన ఓ పాత ప్రోగ్రాముని, డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే 'అన్‌స్టేబుల్' విభాగం నుంచి ఈ వారమే తీసేశారు. పాలకొల్లులో కూర్చుని ఇది అడగడానికి డెవలపర్ హోదా అక్కర్లేదు, ఈమెయిలుంటే చాలు.

మొదటి మెట్లు తేలికే. డబ్ల్యుఎన్‌పీపీలో (చేయి కావాల్సిన ప్యాకేజీల జాబితా) 'ఓ' గుర్తు పడి, చూసుకునే మెయింటెయినర్ లేక అనాథగా ఉందా, పాప్‌కాన్‌లో (వాడకం లెక్కలు) ఎందరు వాడుతున్నారు అన్నవి చూసుకోవాలి. బగ్గులు పంపే రిపోర్ట్‌బగ్ ప్రోగ్రాములో ఎఫ్‌టీపీ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ పేరు మీద తొలగింపు బగ్ వేస్తే కారణాల మెనూ వస్తుంది. అనాథకి 'ఆర్‌ఓక్యూఏ' (నాణ్యత చూసే క్యూఏ బృందం తరఫున). 'ఆర్‌ఓఎం' మెయింటెయినరే అడిగినప్పుడు.

నరకమంతా రివర్స్ డిపెండెన్సీల దగ్గరే, అంటే దీని మీద ఆధారపడ్డ వేరే ప్యాకేజీల దగ్గర. ఆప్ట్-కాష్ ఆర్‌డిపెండ్స్ కొడితే ఒక్క పేరూ రాదు. సంబరపడకండి, అది బైనరీ (బిల్డ్ అయ్యి, ఎక్కించుకోవడానికి సిద్ధంగా ఉన్న) ప్యాకేజీలనే చూస్తుంది. ఇంకోదాన్ని బిల్డ్ చేసేటప్పుడు మాత్రమే ఇది కావాల్సొస్తే ఆ సంగతి అందులో తేలదు. దానికి డెవ్‌స్క్రిప్ట్స్ అనే పనిముట్ల ప్యాకేజీలోని బిల్డ్-ఆర్‌డెప్స్ నడపాలి. సోర్సెస్ లిస్టులో అన్‌స్టేబుల్‌కి డెబ్-ఎస్‌ఆర్‌సీ (సోర్స్ ప్యాకేజీల) వరస లేకపోతే అదీ చేతులెత్తేస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక గుర్రపుడెక్క లాగడంలాంటి పని ఇది: పైన ఆకు పీకితే కాదు, వేరు ఎవరి తూములో చిక్కుకుందో చూడాలి.

నాకు అడ్డం పడ్డ ప్యాకేజీ దీన్ని ఒకే ఒక్క టెస్టులో వాడుతోంది. కంట్రోల్ ఫైల్లో బిల్డ్-డిపెండ్స్ కింద ఒక్క వరస, పక్కన '!నోచెక్' (టెస్టులు వదిలేసే బిల్డుకి ఇది అక్కర్లేదన్న గుర్తు) కూడా ఉంది. ఉన్నా ప్యాకేజీలు తీసే ఎఫ్‌టీపీ బృందంవాళ్లు ఒప్పుకోరు, మామూలు బిల్డుకి అది కావాల్సిందే కాబట్టి. నా తొలగింపు రిక్వెస్టు మీద 'మోర్‌ఇన్ఫో' (ఇంకా వివరం కావాలి) ట్యాగ్ పడింది. ఆ వరసా ఆ టెస్టూ తీసేసి, ఎస్‌బిల్డ్‌లో (శుభ్రమైన వాతావరణంలో బిల్డ్ చేసే పనిముట్టు) బిల్డ్ చేసి చూసి, ఆ ప్యాకేజీ మీద బగ్ వేసి ప్యాచ్ పంపాను. ఆ అడ్డం పడ్డ ప్యాకేజీ మెయింటెయినర్ మహానుభావుడు ఏళ్ల తరబడి అప్‌లోడ్ చేసింది లేదు, ప్యాచ్‌కి ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా అడిగితే 'వాడేవాళ్లున్నారు' అని ఒక్క ముక్క రాసి మళ్లీ మాయం. తను చెయ్యడు, చేసేవాణ్ణి చెయ్యనివ్వడు. ఉచితంగా చేస్తున్నారు కదా, ఏమీ అనకూడదంటారు. నేనూ ఉచితంగానే చేస్తున్నాను మరి!

ఇలాంటివాళ్లని బతిమాలుతూ కూర్చోకండి. అప్‌లోడ్ హక్కున్న డెవలపర్ని పట్టుకుని ఎన్‌ఎంయూ (మెయింటెయినర్ కాని వాళ్లు చేసే అప్‌లోడ్) వేయించండి. ఆర్‌సీ (రిలీజుని ఆపేంత తీవ్రమైన) బగ్గో, 'ఇంపార్టెంట్' బగ్గో కాకపోతే, అప్‌లోడ్‌ని ఆపి ఉంచే డిలేడ్ క్యూలో 10 రోజులు ఆనవాయితీ. ఈలోగా తొలగింపు బగ్గునీ ప్యాచ్ పంపిన బగ్గునీ 'బ్లాక్' ఆదేశంతో ముడెయ్యండి. అప్‌లోడ్ అయ్యాక మోర్‌ఇన్ఫో ట్యాగ్ మనమే తీయాలి. చాలామంది ఇక్కడే మర్చిపోయి, ఎవరూ పట్టించుకోవట్లేదని వాపోతుంటారు.

అన్‌స్టేబుల్‌లో పోయాక, తర్వాతి రిలీజుకి సిద్ధమయ్యే టెస్టింగ్‌లోనూ పోతుంది. ఇప్పటికే విడుదలైన స్టేబుల్ జోలికి రారు, కాబట్టి భీమవరం కాలేజీ ల్యాబుల్లో స్టేబుల్ నడిపేవాళ్లకి తర్వాతి రిలీజు దాకా తేడా తెలీదు. అప్‌గ్రేడ్ అయ్యాక కూడా పాత కాపీ డిస్కులో పడే ఉంటుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం రావు. ఆప్ట్ లిస్ట్ '~ఓ' అంటే అలాంటివన్నీ బయటపడతాయి. బయటనుంచి తెచ్చి చేత్తో ఎక్కించిన డెబ్ ఫైళ్లూ ఆ జాబితాలోనే వస్తాయి. చూసుకోకుండా పర్జ్ (సెట్టింగులతో సహా తీసెయ్యడం) కొడితే, అలా ఎక్కించిన ప్రింటర్ డ్రైవరూ దాంతోపాటే పోతుంది.