పై మెట్టుకి గేటు బిగించేసరికి...

పాప దోగాడటం మొదలుపెట్టిన నాలుగో రోజే మెట్ల అంచుకి చేరి కిందికి తొంగి చూస్తూ కనబడింది. గుండె ఆగినంత పనైంది. మర్నాడే రెండు గేట్లు తెచ్చేశాం.

కింది మెట్టు దగ్గరి గేటు పావుగంటలో అయిపోయింది. రెండు గోడల మధ్య మరలు తిప్పి బిగించే రకం, డ్రిల్లు అక్కర్లేదు.

పైన కూడా అదే రకం పెట్టాం. కొనేటప్పుడు షాపతన్ని ప్రత్యేకంగా అడిగాను, పై మెట్టుకి ఇది పనికొస్తుందా అని. "అందరూ ఇదే తీసుకెళ్తారు మేడం" అన్నాడు, నమ్మాను. మాకు పైన ఒక పక్క గోడ, రెండో పక్క గుండ్రటి రెయిలింగ్ స్తంభం. గోడకేమో అడుగున స్కర్టింగ్, అంటే నేలని ఆనుకుని ఉండే పట్టీ, ఒకటిన్నర సెంటీమీటరు ముందుకొచ్చి ఉంది. కింద బిగిస్తే పైన వదులు, పైన బిగిస్తే స్తంభం మీద రబ్బరు బిళ్ళ పక్కకి జారిపోవడం. రెండు గంటలు కుస్తీ పడితే ఎలాగో నిలబడింది.

సాయంత్రం మామయ్యగారు వచ్చి "గట్టిగానే ఉందామ్మా?" అంటూ ఒక్క అరచేత్తో నెట్టారు. గేటు ఊడి, మెట్టు మెట్టుకీ కొట్టుకుంటూ కింద దాకా పోయింది. ఆ చప్పుడుకి పాప గుక్కపట్టి ఏడ్చింది. "పాప ఆనుకుని ఉంటే?" అన్నారాయన మెల్లగా. తల ఎత్తలేకపోయాను. షాపుకి ఫోన్ చేస్తే బిగించడం మీకు రాలేదన్నారు. కోపంతో బాక్సులోని కాగితం తీసి చదివితే, చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది: మెట్ల పైభాగాన వాడరాదు. అమ్మేవాడికి ఆ ఒక్క ముక్క తెలియకపోతే ఎలా? పసిపిల్లల ప్రాణాలతో పని అది.

పై మెట్టుకి గోడలోకి స్క్రూలు దింపే గేటే పెట్టండి. స్క్రూలు లేకుండా గోడల మధ్య ఒత్తిడి మీద నిలబడే ఆ మొదటి రకానికి కింద అడ్డపట్టీ కూడా ఉంటుంది, పిల్లని ఎత్తుకుని దాటేటప్పుడు కాలికి తగులుతుంది. గేటు మెట్ల వైపుకి కాదు, మన వైపుకే తెరుచుకోవాలి.

ఈసారి స్కర్టింగ్ మందానికి సరిపడా చెక్కపట్టీ గోడకి కొట్టి, దాని మీద గేటు బిగించాం. మొదటి రంధ్రంలోంచి ఇసుక పొడిపొడిగా రాలి, స్క్రూ పట్టడానికి రంధ్రంలో పెట్టే ప్లగ్గు గిర్రున తిరిగింది. చోటు మార్చి ఇటుకలోకి దింపితే పట్టింది. గుండ్రటి స్తంభానికి క్లాంపుల కిట్టు విడిగా దొరుకుతుంది, స్తంభానికి చిల్లు పెట్టక్కర్లేదు.

బాక్సు మీద ఈఎన్ 1930 అనో, ఏఎస్‌టీఎం ఎఫ్ 1004 అనో ఉందేమో చూడండి, అవి పిల్లల గేట్ల భద్రతా ప్రమాణాలు. అడ్డ కమ్మీలుంటే పిల్లలు కాలేసి ఎక్కేస్తారు, నిలువు కమ్మీలవే తీసుకోండి. తెలిసినవాళ్ళు పాత మడత గేటు ఇస్తామన్నారు, పైన వి ఆకారపు సందులున్నది. పిల్లల మెడ ఇరుక్కునే రకం అది. మొహమాటపడకుండా వద్దన్నాను.

ఊడిపడిన గేటుని షాపువాళ్ళు వెనక్కి తీసుకోలేదు. వంటగది గుమ్మానికి పెట్టాం. అక్కడ రెండు పక్కలా తిన్నటి గోడలే, మెట్లు లేవు, బాగానే పనిచేస్తోంది.