గాలిలో ఆగిన వేళ్లు

అక్కకి సెలవు దొరక్క ఇవాళ మేనకోడలిని నేనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మెల్లకన్నుకి పవర్ అద్దాలు వాడుతోంది. మందకంటికి పని పడేలా మంచి కంటిని రోజూ కాసేపు మూసే ప్యాచ్ కూడా. ఆ ప్యాచ్ వేసేటప్పుడు ఇంట్లో పెద్ద యుద్ధమే.

డాక్టరమ్మ దాని అద్దాల మీదే ఇంకో నల్ల కళ్లద్దాలు పెట్టి, పెద్ద ఈగ బొమ్మ ముందుంచి, "రెక్క పట్టుకోమ్మా" అంది. పోయినసారి వేళ్లు నేరుగా కాగితానికి తగిలాయి. ఇవాళ కాగితానికి పైన, గాలిలోనే ఆగాయి. "ఛీ, లేచింది మామయ్యా!" అని చెయ్యి లాక్కుంది. నాకు ఒళ్లు పులకరించింది.

అక్కడ లేచింది ఏమీ లేదు. ఆ నల్ల కళ్లద్దాల్లోంచి ఒక్కో కంటికి ఒక్కో చదునైన బొమ్మ, రెండింటికీ కాస్త పక్కకి తేడా, అంతే. మన కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. దానివల్ల వచ్చే చిన్న తేడాని లోతుగా మార్చేది తల వెనక భాగంలోని మెదడు. బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే ముఖం చూసుకునే లాంటి రెండు అద్దాలు, రెండు గీతల బొమ్మలతో దీన్ని చూపించాడు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది మాత్రం 1960లో బేలా యూలెస్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగం. రెండు కాగితాల నిండా గజిబిజి చుక్కలు. ఒకదానిలో మధ్యనున్న చదరంలోని చుక్కల్ని కొద్దిగా పక్కకి జరిపాడు. ఏ కంటితో విడిగా చూసినా చుక్కలే. ఒక్కో కంటికి ఒక్కోటి చూపిస్తే చదరం విడిగా తేలుతుంది! అంటే వస్తువేమిటో పోల్చుకోకముందే మెదడు తేడాలు లెక్కగడుతోంది.

మెల్లకన్నులోలా చూపులు చెరో వైపు పోతే ఆ లెక్క కుదరదు. పసి మెదడు ఒక కంటి బొమ్మని పక్కన పెట్టేస్తుంది, ఆ కన్ను మందగిస్తుంది. నీడలు, ఒకదాన్నొకటి కప్పడం, సైజు చూసి దూరం అంచనా వేయొచ్చు కాబట్టి పిల్లలు మామూలుగానే ఆడుకుంటారు, ఇంట్లోవాళ్లకి తెలియదు. పైగా మనవాళ్లు "మెల్లకన్ను అదృష్టం" అంటారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. చిన్నప్పటి ఏళ్లే కదా చికిత్సకి బాగా లొంగేవి!

ప్యాచ్ ఇంకా మానొద్దంది డాక్టరమ్మ. బయటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాను. మెల్లకన్నున్న పక్కింటివాళ్ల రెండేళ్ల మనవడిని ఈ వారమే చూపించమని వాళ్లకి గట్టిగా చెప్పమన్నాను.