45 పౌండ్ల తప్పు

నేను ఫిజిక్స్ టీచర్ని. ఆర్కిమెడిస్ సూత్రం ఏటా చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. అలాంటిదాన్ని, స్కూబా డైవింగ్‌కి నీళ్ళలో నన్ను తేల్చాల్సిన వస్తువు కొనేటప్పుడు మాత్రం ఒక్క లెక్కా వేయలేదు. "పెద్దదే తీసుకోండి మేడమ్, రేపు జంట సిలిండర్లు పెట్టుకున్నా పనికొస్తుంది" అని అమ్మే అతను అంటే తలూపేసి 45 పౌండ్ల బరువుని తేల్చగల వింగ్ ఇంటికి తెచ్చుకున్నాను. జంట సిలిండర్లు ఇంతవరకూ పెట్టుకోలేదు. పెట్టుకునే ఉద్దేశమూ లేదు.

స్కూబా చేసేవాళ్ళలో కూడా చాలామంది ఈ వింగ్ బిగించే బ్యాక్‌ప్లేట్ చూసి ఉండరు కాబట్టి ముందు అదేమిటో చెప్తాను. మామూలు జాకెట్ బీసీడీలో (నీళ్ళలో తేలడం, మునగడం సర్దుకోవడానికి డైవర్ తొడుక్కునేది) గాలి సంచి, పట్టీలు, మెత్తలు, జేబులు అన్నీ కలిపి ఒకే చొక్కాలా కుట్టేస్తారు. బ్యాక్‌ప్లేట్ పద్ధతిలో అవన్నీ విడివిడిగా ఉంటాయి. వీపుకి ఒక లోహపు పలక, ఆ పలక చీలికల్లోంచి దూర్చిన రెండంగుళాల వెడల్పు నైలాన్ పట్టీ, పలకకీ సిలిండర్‌కీ మధ్య ఒక గాలి సంచి. ఆ సంచే వింగ్. పలక మీద బోల్టులు వెళ్ళే రంధ్రాల మధ్య దూరం ఏ కంపెనీదైనా సాధారణంగా 11 అంగుళాలే. అందుకని పలక ఒక చోట, వింగ్ ఇంకో చోట కొన్నా అతుకుతాయి. నేను చేసిన తప్పుని తర్వాత దిద్దుకోగలిగింది కూడా ఇందువల్లే. వింగ్ ఒక్కటే మారింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి.

జాకెట్ ఎందుకు వదిలానంటే, నడుముకి 7 కిలోల సీసం కట్టుకుని, ఛాతీ దగ్గర గాలి నింపుకుని, ఈత కొట్టాల్సిన చోట మెట్లెక్కుతున్నట్టు కాళ్ళు కిందికి వేలాడేసుకుని వెళ్ళేదాన్ని. అడుగున ఇసుకంతా లేపేదాన్ని. వెనక వచ్చేవాళ్ళు ఏమనుకునేవారో నాకు తెలుసు, ఎందుకంటే వెనక వచ్చేది మా వదిన, ఆవిడ మనసులో ఏదీ దాచుకోదు. పలక అయితే బరువు వెన్ను పొడుగునా పరుచుకుంటుంది, ఊపిరితిత్తులకి దగ్గరగా ఉంటుంది, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఇది చదివి తెలుసుకున్నాను. చదివింది నిజమే. వింగ్ దగ్గరే దెబ్బ తిన్నాను.

కొత్త వింగ్‌తో మొదటి డైవ్. నీళ్ళలోకి దిగి గాలి వదిలేసరికి ఖాళీ సంచి రెండు పక్కలా తడిసిన దుప్పటిలా వేలాడింది. కిందికెళ్ళి కాస్త గాలి కొట్టగానే ఆ రెండు అంచులూ పైకి లేచి సిలిండర్‌ని చుట్టేసుకున్నాయి. గాలి కుడి పక్క మడతలో ఇరుక్కుంది. కుడి భుజం పైకి లేస్తుంటే నేను ఎడమకి ఒరిగిపోతున్నాను. దాన్ని సరిచేయడానికి కాళ్ళాడిస్తూ గాలి ఖర్చు చేస్తున్నాను. వెనక కిందుగా ఉండే, గాలి బయటికి వదిలే డంప్ వాల్వ్ ఎడమ వైపు, గాలేమో కుడి వైపు. దానికి తోడు నాది గుర్రపు నాడా ఆకారం వింగ్. అంటే కింది భాగంలో రెండు పక్కలూ కలవవు, ఒక పక్క గాలి ఇంకో పక్కకి రావాలంటే తల మీదుగా తిరిగి రావాలి. వాల్వ్ తాడు లాగుతున్నాను, రెండు బుడగలు వస్తున్నాయి, ఆగిపోతోంది.

పైకొచ్చే ముందు భద్రత కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, ఆ మడతలో గాలి ఉబ్బుతుంది. బాయిల్ సూత్రం, పాఠం నాకు వచ్చు. ఒకటిన్నర నిమిషానికల్లా నేను అలల మీద ఉన్నాను. వదిన తన మూడు నిమిషాలూ పూర్తి చేసుకుని నెమ్మదిగా తల పైకెత్తి, నోట్లోంచి రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) తీసి అడిగింది: "ఏమ్మా, చెప్పకుండా వెళ్ళిపోయావ్?"

"నేను వెళ్ళలేదు వదినా. వింగ్ తీసుకుపోయింది."

ఆ రాత్రి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. వింగ్ ఎంత లేపాలి అన్నదానికి రెండు లెక్కలున్నాయి, రెండిట్లో ఏది పెద్దదైతే అది తీసుకోవాలి.

మొదటిది, డైవ్ మొదట్లో లోతుకి వెళ్ళినప్పటి లెక్క. అప్పుడు సిలిండర్ నిండా గాలి ఉంటుంది, గాలి బుడగలతో తేలే రబ్బరు వెట్‌సూట్ ఒత్తిడికి నలిగిపోయి ఉంటుంది. గాలికి బరువేంటి అనుకుంటాం గానీ లీటరుకి సుమారు 1.2 గ్రాములు. నేను వాడే అల్యూమినియం 80 సిలిండర్ 11.1 లీటర్లది. 200 బార్ ఒత్తిడి దగ్గర 2,200 లీటర్ల పైచిలుకు గాలి, అంటే దాదాపు 2.7 కిలోలు. డైవ్ చివర్లో ఇది ఉండదు కాబట్టి, చివర్లో తేలిపోకుండా ఉండేంత బరువు మొదట్నుంచీ మోయాల్సిందే. ఇక సూట్. నా 5 మిల్లీమీటర్ల సూట్‌ని వల సంచిలో కుక్కి, నీళ్ళలో బాగా పిండి, మునిగేదాకా సీసం వేస్తూ పోయాను. 5 కిలోలు పట్టింది. (సీసం కూడా తన బరువులో పదకొండో వంతు నీళ్ళని పక్కకి నెడుతుంది. పరీక్ష పేపర్లో అయితే అడిగేదాన్ని, ఇక్కడ వదిలేశాను.) 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 బార్లు, సూట్‌లోని బుడగలు నాలుగో వంతుకి కుంచించుకుంటాయి. మొత్తం 5 కిలోలూ పోయాయనే అనుకుందాం. 5, 2.7 కలిపితే 7.7 కిలోలు. వింగ్‌ల మీద అంకెలు ఎక్కువగా పౌండ్లలోనే ఉంటాయి కాబట్టి 2.2తో గుణిస్తే 17 పౌండ్లు.

రెండోది, నీటి పైన నేను సరంజామా విప్పి వదిలేస్తే అది ఒంటరిగా తేలాలి. ఉక్కు పలక గాలిలో 2.7 కిలోలు, నీళ్ళలో 2.3. రెగ్యులేటర్ ఒక కిలో. నిండు సిలిండర్ ముప్పావు కిలో కిందికి లాగుతుంది. సీసం (7 నుంచి తగ్గింది, ఎలాగో కింద చెప్తాను) అదీ సరంజామాకే ఉందనుకుంటే 4 కిలోలు. మొత్తం 8 కిలోలు, అంటే 18 పౌండ్లు.

పెద్దది 18. దాని మీద సగం అదనంగా వేసుకున్నా 27. నాకు 30 పౌండ్ల వింగ్ చాలు. నేను కొన్నది 45. పైగా సంగతి ఒక్క లిఫ్ట్‌దే కాదు, వెడల్పుది కూడా. ఒక సిలిండర్ కోసం చేసిన వింగ్ సన్నగా ఉంటుంది, సిలిండర్ పక్కన ఒదిగి కూర్చుంటుంది. ఈసారి గారె ఆకారంలో, గాలి చుట్టూ తిరిగేది తీసుకున్నాను. గుర్రపు నాడా ఆకారమూ చెడ్డదేం కాదు, అలవాటున్నవాళ్ళు హాయిగా వాడతారు. నాకు మాత్రం ఇక దాని మొహం చూడబుద్ధి కాలేదు. మీరు 7 మిల్లీమీటర్ల రెండు ముక్కల సూట్ వేసుకుని ఉక్కు సిలిండర్ మోసేవాళ్ళయితే 30 చాలకపోవచ్చు, నా అంకె ఎత్తి రాసుకోకండి.

ఇంకో సంగతి. 7 కిలోల సీసం 4కి ఎలా తగ్గిందంటే, పలక 2.3 ఇచ్చింది. మిగతాది పాత జాకెట్ మెత్తల పుణ్యం. అవి తేలుతుంటే వాటిని ముంచడానికి కూడా నేను సీసం మోస్తూ వచ్చానన్నమాట. ఇన్నాళ్ళూ.

నన్ను చూసి వదిన కూడా మారతానంది. "నీదే కొనేస్తా, అదే ఉక్కు పలక" అంది. ఆగమన్నాను. ఆవిడ వేసుకునేది 3 మిల్లీమీటర్ల సూట్, వాడేది 12 లీటర్ల ఉక్కు సిలిండర్. వల సంచి పరీక్షలో ఆ సూట్ రెండున్నర కిలోలకే మునిగిపోయింది. ఆ సిలిండర్ ఖాళీ అయ్యాక కూడా ఒక కిలో దాకా కిందికే లాగుతుంది. రెగ్యులేటర్ ఇంకో కిలో. ఉక్కు పలక 2.3 వేస్తే 4.3 అయింది. తేల్చేది 2.5, ముంచేది 4.3, నడుముకి ఒక్క సీసం ముక్క కూడా కట్టకుండానే! వింగ్‌కి ఏమైనా అయితే విడిచేయడానికి ఏమీ ఉండదు. అదే అల్యూమినియం పలక గాలిలో ఒక కిలో లోపే. అది కూడా ఉక్కు పలకంత చోటే ఆక్రమిస్తుంది కాబట్టి నీళ్ళలో అర కిలో కంటే కాస్త ఎక్కువ తూగుతుంది. అప్పుడు మొత్తం 2.5 చిల్లర. తూకం వేసినట్టు సరిపోయింది. ఉక్కు గట్టిది కదా అని అందరూ ఉక్కు కొంటారు గానీ, సిలిండర్ ఏది, సూట్ ఏది అని అడగకుండా పలక చెప్పేవాళ్ళని నేను ఇక నమ్మను.

పలక, వింగ్ కలిపి ఒక్క సాయంత్రం పని. పట్టీకి మాత్రం మూడు సాయంత్రాలు పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది. పలకలోకి ఎక్కించే ఈ పొడుగాటి పట్టీలో ఒక్క కుట్టు ఉండదు. ఎడమ నడుము దగ్గర మొదలై ఎడమ భుజం, మెడ వెనక, కుడి భుజం మీదుగా కుడి నడుముకి వస్తుంది. దీన్ని హోగార్థియన్ హార్నెస్ అంటారు. ఫ్లోరిడా గుహల్లో ఈదిన విలియం హోగార్థ్ మెయిన్ అనే డైవర్ పేరు మీదుగా వచ్చింది. నడుము దగ్గరి ఒక్క బకిల్ తప్ప, విరిగే బకిల్‌లు, ఊడే ప్లాస్టిక్ క్లిప్‌లు లేకపోవడమే దీని బలం. దీని ఇబ్బందీ అదే, కొలత తప్పితే సర్దుకోవడానికి నీళ్ళలో ఏమీ ఉండదు.

నేను నేర్చుకున్నదేంటంటే, సూట్ వేసుకునే కొలత చూడాలి. నైటీ మీద చూసుకుని మొదటి సాయంత్రం వృథా చేశాను. భుజం పట్టీ కింద పిడికిలి దూరాలి. బిగుతుగా ఉంటే కట్టుకున్నప్పుడు బాగానే ఉంటుంది, విప్పేటప్పుడు మోచెయ్యి బయటికి రాదు. తల వెనక్కి చెయ్యి పెడితే వేళ్ళకి పలక పై అంచు తగలాలి. నడుము బకిల్‌ని మధ్యలో కాకుండా కాస్త కుడికి జరపాలి, ఎందుకంటే కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ మధ్యలోకి వస్తుంది. ఆ పట్టీ పొట్టిదైతే నడుస్తున్నప్పుడే తెలిసిపోతుంది, వివరాలు వద్దు. వదులుగా ఉంటే పలక మెడ దాకా జారి, ఎత్తినప్పుడల్లా తల సిలిండర్ మీదుండే రెగ్యులేటర్ భాగానికి తగులుతుంది. ఛాతీ మీద డీ రింగ్‌లు (సామాను తగిలించుకునే లోహపు రింగ్‌లు) చేతులు కట్టుకున్నట్టు పెడితే బొటనవేళ్ళు తగిలే చోట ఉండాలి. మిగిలిన పట్టీని రెండు మూడు డైవ్‌లయ్యే దాకా కత్తిరించకండి. నేను కత్తిరించేశాను.

ఒక ఫిర్యాదు ఉంది, దాచను. నీటి పైన వింగ్ నిండా గాలి కొడితే అది వీపు వెనక నుంచి మొహాన్ని నీళ్ళలోకి తోస్తుంది. కూర్చున్నట్టు కాస్త వెనక్కి వాలి, గడ్డం పైకి వచ్చేంత గాలి మాత్రమే ఉంచితే తోయడం ఆగుతుంది. కానీ అలల్లో చాలాసేపు పడవ కోసం ఎదురుచూడాల్సి వచ్చినప్పుడు పాత జాకెట్ గుర్తొస్తుంది. భుజం నొప్పి ఉన్నవాళ్ళకి ఈ ఒంటి పట్టీ కూడా కష్టమే, భుజం దగ్గర బకిల్ ఉన్నది తీసుకుంటే తప్పేం లేదు, గుహల వాళ్ళు ఏమన్నా సరే.

పోయిన వారం వదిన కొత్త పలకతో దిగింది. చివర్లో 50 బార్ మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర వింగ్‌లో గాలంతా వదిలేసి కదలకుండా ఉండమన్నాను. ఉంది. నేను నా డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపించేది) చూసుకుంటూ పక్కనే ఉన్నాను, కుడికీ ఒరగలేదు, ఎడమకీ ఒరగలేదు. మూడు నిమిషాలయ్యాక వదిన బొటనవేలు పైకి చూపించింది, ఇద్దరం కలిసే పైకొచ్చాం. రెగ్యులేటర్ తీసి ఆవిడ అన్న మొదటి మాట: "అమ్మాయ్, ఆ 45 పౌండ్లది ఎవరికైనా అంటగట్టావా, ఇంకా ఇంట్లోనే ఉందా?"

ఇంట్లోనే ఉంది.