సెలవుల్లో నడుముకూ కాస్త సెలవు

చలికాలం సెలవులు వచ్చాయంటే ఇంట్లో అందరికంటే ముందు అలిసిపోయేది నడుమే. ప్రయాణాలు, సామాన్ల మోత, వంటింట్లో గంటల తరబడి నిలబడటం, అలవాటు లేని పరుపు మీద పట్టీపట్టని నిద్ర. వీటికి తోడు చలి. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు సంకోచిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి. మనకు తెలియకుండానే భుజాలు పైకి ముడుచుకుంటాయి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

ఈసారి నాకు బాగా పనిచేసింది పొద్దున్నే చేసే చిన్న కసరత్తు. లేవగానే బరువుల జోలికి పోకుండా పది నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తాను, భుజాలను వెనక్కి గుండ్రంగా తిప్పుతాను. ఒళ్లు కాస్త వేడెక్కాకే పెట్టెలు ముట్టుకుంటాను. ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, పెట్టెను పొట్టకు ఆనించుకుని లేస్తాను. బరువుతో లేస్తూ నడుమును పక్కకు తిప్పడం అసలు వద్దు, పట్టేసేది చాలాసార్లు అక్కడే.

చలిలో దాహం అంతగా తెలియదు, నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలి.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సెలవుల్లో మనం ముందు మానేసేది ఆ నడకనే! నిద్ర తగ్గితే నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది, చిరాకూ పెరుగుతుంది. అందుకే కబుర్లు ఎంత బాగున్నా ఏడు గంటల నిద్ర వదలను. పిలిచిన ప్రతిచోటికీ రాలేనని ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ నొచ్చుకోలేదు.

నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరెక్కినా మాత్రం ఇంటి చిట్కాలతో సరిపెట్టుకోకండి, డాక్టరుకు చూపించండి.