తక్‌పట్టీ ఫారం: ఖాళీ గడి, అర్ధ రూపాయి

హన్మకొండ, బుధవారం రాత్రి

మిర్చి సీజన్ నడుస్తోంది. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణం కోసం తక్‌పట్టీలు, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం చీటీలు రాసే వెబ్ అప్లికేషన్ ఇవాళ ఫారం దాకా వచ్చింది. సరంజామా చిన్నదే: పైథాన్ భాష, వెబ్ పేజీలకు ఫ్లాస్క్, డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్. గుమాస్తా దగ్గర ఒక కంప్యూటర్, కాంటా దగ్గర ఒక ఫోన్ ఉండే చోట ఇంతకన్నా పెద్దది పెడితే దాన్ని చూసుకోవడానికి ఇంకో మనిషిని కూడా పెట్టాలి.

ఫారం గీసే ముందు పాత తక్‌పట్టీ పుస్తకం దగ్గర పెట్టుకోవాలి. గుమాస్తా చెయ్యి ఏ వరుసలో నడుస్తుందో ఆ కాగితమే చెప్తుంది: రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాలు, తూకం, ధర, ఖరీదుదారు. తెర మీదా అదే వరుస ఉండాలి. మౌస్ ముట్టకుండా ట్యాబ్ కొట్టుకుంటూ చివరిదాకా పోగలగాలి. తేజ, వండర్ హాట్, చపాట, 341 లాంటి రకాలను టైపు చేయించకూడదు, జాబితాలోంచి ఎంచుకోనివ్వాలి. లేకపోతే మధ్యలో ఖాళీ ఉన్న వండర్ హాట్ ఒక సరుకు, ఖాళీ లేనిది ఇంకో సరుకు అయిపోయి నెలాఖరు లెక్క చీలిపోతుంది. ఊరికి మాత్రం గట్టి జాబితా పనికిరాదు. నర్సంపేట, పరకాల, ములుగు అని సూచనలు చూపిస్తూనే కొత్త పేరు కొడితే తీసుకునే డేటాలిస్ట్ చాలు.

తూకం గడికి నంబర్ టైపు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. ఆ టైపులో స్టెప్ (అంకె ఎంతెంత మెట్టున మారాలో చెప్పే) విలువ మనం చెప్పకపోతే 1 అనుకుంటుంది, కాబట్టి 1672.5 కిలోలు కొడితే బ్రౌజర్ ఒప్పుకోదు. స్టెప్ 0.1 అని రాస్తే ఆ గొడవ తీరుతుంది. కానీ కర్సర్ గడిలో ఉండగా మౌస్ చక్రం తిప్పితే అంకె చప్పుడు చెయ్యకుండా మారిపోయే ప్రమాదం ఉంటుంది. డబ్బు లెక్కలో అలాంటిది భరించలేం. అందుకే మామూలు టెక్స్ట్ గడి పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ అని రాయడం మేలు. ఫోన్లో అంకెల కీబోర్డే వస్తుంది, సరిచూసే పని సర్వర్ చేస్తుంది. బ్రౌజర్ చేసే తనిఖీ గుమాస్తా సౌకర్యం కోసమే, దాని మీద లెక్క ఆధారపడకూడదు. ఫోన్ నంబరు కూడా టెక్స్టే. దాన్ని ఎవరూ కూడరు, తీసెయ్యరు.

ఇవాళ ఎక్కువసేపు తిన్నది ధర గడి. సరుకు పొద్దున్నే యార్డుకు వస్తుంది, ధర జెండా పాట (యార్డులో జరిగే వేలం) అయ్యాకే తేలుతుంది. అంటే ఎంట్రీ వేసేటప్పుడు ధర ఖాళీగా ఉండటమే సహజం. ఖాళీ అంటే సున్నా కాదు. 'ఇంకా తెలియదు' అని చెప్పడానికి డేటాబేస్‌లో నల్ ఉంది, సగటు తీసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోదు. అయితే ఫారం నల్ పంపదు, ఖాళీ టెక్స్ట్ పంపుతుంది. ఎస్‌క్యూలైట్ మామూలు టేబుల్ అయితే ఇంటిజర్ కాలమ్‌లో దాన్ని అలాగే దాచుకుంటుంది. ధర సున్నా కన్నా ఎక్కువ ఉండాలని చెక్ షరతు పెట్టినా ఆగదు, ఎందుకంటే ఎస్‌క్యూలైట్ పోలికలో ఏ టెక్స్ట్ అయినా ఏ అంకె కన్నా పెద్దదే. పైగా సగటులో ఆ ఖాళీ టెక్స్ట్ సున్నాగా కలిసిపోయి తేజ ధరను కిందికి లాగుతుంది. మందు రెండు చోట్ల వెయ్యాలి: సర్వర్ కోడ్‌లో ఖాళీని నల్‌గా మార్చాలి, టేబుల్‌ను స్ట్రిక్ట్ అని ప్రకటించాలి, అప్పుడు అంకెల కాలమ్‌లో టెక్స్ట్‌ను ఒప్పుకోదు. స్ట్రిక్ట్ 2021లో వచ్చిన ఎస్‌క్యూలైట్ 3.37 వెర్షన్ నుంచే ఉంది, పాత కంప్యూటర్లో ముందు వెర్షన్ చూసుకోవాలి.

తర్వాత డబ్బు. 38 బస్తాలు, మొత్తం తూకం 1672.5 కిలోలు, సంచికి కిలో చొప్పున తీస్తే 1634.5 కిలోలు. క్వింటాలు ధర ₹14,500 అనుకుంటే ₹2,37,002.50 వస్తుంది. దీన్ని దశాంశాలతో దాచకూడదు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపించే లెక్క అది. తూకం గ్రాముల్లో, డబ్బు పైసల్లో, రెండూ పూర్ణాంకాలుగా పెట్టుకోవాలి. ఆ చివరి యాభై పైసల దగ్గర ఇంకో మెలిక ఉంది: పైథాన్ రౌండ్ సగాన్ని దగ్గరి సరిసంఖ్యకు తోస్తుంది. 2,37,002.5ను 2,37,002 చేస్తుంది, అదే 2,37,003.5 అయితే 2,37,004 చేస్తుంది. సగం వస్తే పైకి వేసే దుకాణంలో ఇది ఒక బిల్లుకు కలిసి ఇంకో బిల్లుకు కలవదు, గుమాస్తా తల పట్టుకుంటాడు. పైసలకు 50 కలిపి 100తో భాగించి శేషం వదిలేస్తే ఎప్పుడూ 2,37,003 వస్తుంది. హమాలీ, దడ్వాయి (తూకం కూలి), చాట కూలి, కమీషన్ రేట్లు కోడ్‌లో రాయకుండా వేరే టేబుల్లో ఉంచాలి. ఏ తక్‌పట్టీకి ఏ రేటు పడిందో ఆ తక్‌పట్టీలోనే నకలు దాచాలి. రేటు మారిననాడు పాత బిల్లు మారిపోతే రైతుకు ఏం జవాబు చెప్తాం?

తేదీ కూడా చూసుకోవాల్సిందే. ఎస్‌క్యూలైట్ తనంతట తాను వేసే సమయం మనది కాదు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మనకన్నా అయిదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 5 గంటలకు దించిన బస్తాలు నిన్నటి ఖాతాలో పడతాయి. అందుకని మార్కెట్ తేదీకి వేరే కాలమ్ పెట్టి, భారత సమయం ప్రకారం ముందే నింపి చూపించాలి.

నెట్ నెమ్మదిగా ఉంటే సేవ్ బటన్ రెండుసార్లు నొక్కని మనిషి ఉండడు. సేవ్ అయ్యాక 303తో (బ్రౌజర్‌ను ఇంకో చోటికి వెళ్లమనే సర్వర్ జవాబు) వేరే పేజీకి పంపిస్తే రిఫ్రెష్ కొట్టినా ఎంట్రీ మళ్లీ పడదు. రెండుసార్లు నొక్కడానికి అది చాలదు. ఫారం తెరిచినప్పుడే ఒక దాపు గడిలో కొత్త టోకెన్ పెట్టి, టేబుల్లో ఆ కాలమ్‌ను యునిక్ (ఒకే విలువ రెండోసారి పడనివ్వనిది) చెయ్యాలి. రెండోది డేటాబేస్ గడప దగ్గరే ఆగిపోతుంది. విలువలను ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకుండా ప్రశ్నార్థకాల ద్వారా (వాక్యంలో ? పెట్టి, విలువను విడిగా ఇచ్చి) పంపాలన్నది అందరికీ తెలిసిందే, అయినా ఊరి పేరు వెతికే కోడ్‌లో మర్చిపోతుంటారు. తప్పులు వెతకడానికి వాడే ఫ్లాస్క్ డీబగ్ మోడ్ ఆన్‌లో పెట్టి దుకాణం వైఫై మీద వదలొద్దు. వెయిట్రెస్ లాంటి సర్వర్ మీద నడపాలి.

నెలాఖరు లెక్క సీఎస్‌వీగా దించితే ఎక్సెల్‌లో తెలుగు పేర్లు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఫైలు మొదట బామ్ (ఇది యూనికోడ్ అని చెప్పే గుర్తు) ఉండేలా యూటీఎఫ్-8-సిగ్‌తో రాస్తే సరిపోతుంది. బ్యాకప్‌కు నడుస్తున్న ఫైలును ఊరికే కాపీ చెయ్యకూడదు, సగం రాసిన స్థితి రావచ్చు. వ్యాక్యూమ్ ఇంటూ కమాండ్‌తో తీసిన నకలును పెన్‌డ్రైవ్‌కు ఎక్కించడం మేలు.

రేపటికి ప్రింటర్ మిగిలింది. ఆ చిన్న థర్మల్ ప్రింటర్‌లో తెలుగు ఫాంటు లేదు. అక్షరాలు పంపితే లాభం లేదు, బిల్లును బొమ్మగా మార్చి పంపాలి. 80 మిల్లీమీటర్ల కాగితం మీద 'ఖరీదుదారు' పక్కన సంతకానికి ఎంత చోటు మిగులుతుందో కొలిచి చూడాలి.