ప్రాగ్‌లో పండుగ చేపలు

ఓల్డ్ టౌన్ స్క్వేర్ వైపు నడుస్తుండగా, నీలిరంగు తొట్టెలోంచి ఎగిసిన నీళ్లు కాలిబాట మీద పడడంతో ఆగిపోయాను. తొంగిచూస్తే లోపల నిండుగా బంగారుతీగ చేపలు! రబ్బరు చేతితొడుగులు వేసుకున్న మనిషి చేతివలతో ఒకదాన్ని పైకి తీసి, తూచి, చెక్కబల్ల మీద కోసి శుభ్రం చేసి, వరుసలో ముందున్న పెద్దావిడ సంచిలో వేశాడు.

చెక్ ఇళ్లలో క్రిస్మస్ ముందురోజు, అంటే డిసెంబరు 24 రాత్రి భోజనమంటే వేయించిన ఈ చేప, దాని పక్కన బంగాళదుంపల సలాడ్. చాలావరకు 16వ శతాబ్దంలో తవ్వించిన దేశంలోని దక్షిణ బొహీమియా ప్రాంతపు చెరువుల్లో పెంచి, శరదృతువులో నీటిని వదిలేసి వలలు లాగి పట్టి, పండుగ దాకా శుభ్రమైన నీటిలో ఉంచి, చివరి రోజుల్లో ఇలా నగరాల వీధుల్లోకి తెస్తారు. కొన్ని ఇళ్లలో చేపను ప్రాణంతో కొనుక్కెళ్లి స్నానాల తొట్టిలో వదులుతారు. పిల్లలు దానికి పేరు పెట్టేసుకున్నాక ఇక కోయనివ్వరు. ఎండిన పొలుసు ఒకటి పర్సులో దాచుకుంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని ఇక్కడివారి నమ్మకం.

1410 నాటి ఖగోళ గడియారాన్నీ, టీన్ చర్చి జంట గోపురాలనూ చూశాను, అందంగానే ఉన్నాయి. అయితే పండుగ వచ్చిందని నాకు నిజంగా తెలిసింది మాత్రం చలిలో ఓపికగా నిలబడ్డ ఆ వరుస దగ్గరే. 24 సాయంత్రం ఇక్కడ చాలా హోటళ్లు మూసేస్తారు కాబట్టి, ఆ చేప రుచి ఈలోపే చూడాలి.