పెన్నకు ఆవలి గట్టున ముత్యం

నెల్లూరులో మూడో అంతస్తు ఫ్లాటులో కాపురముంటున్న నాకు గుర్రం దక్కడం కోరి తెచ్చుకున్న వైభవమేమీ కాదు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు నడిపిన మా మేనమామ ఆ పని మానుకుంటూ, తన చేతుల్లో పెరిగిన ముత్యాన్ని ఎవరికో అమ్మడానికి మనసొప్పక నాకు అప్పగించారు. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకే మార్వారీ జాతి ఆడగుర్రం అది. నగరంలో దానికి చోటు లేదు కాబట్టి, పెన్న దాటి, కోవూరు కూడా దాటాక, ఇరవై బర్రెలున్న ఒక డెయిరీలో నెలవారీ లెక్కన ఉంచాను. పన్నెండడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న గది, మేత, నీళ్లు, శుభ్రం చేసే మనిషి, అన్నీ కలిపి నెలకు 12,000 రూపాయలు. ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదనుకున్నాను.

ఒంగోలు గిత్తలకు పేరుపడిన సీమ పక్కనే ఉన్నవాళ్లం, పశువు సంగతి తెలియని ఇల్లు పల్లెల్లో అరుదు. ఆ డెయిరీ పెద్దాయన చూడి బర్రెను ఒకసారి కలయజూసి ఎన్నాళ్లలో ఈనుతుందో చెప్పగలరు. నా చిక్కంతా ఆ అనుభవంతోనే వచ్చింది. "బర్రెకు పెట్టేదే దీనికీ పెడితే చాలదా అబ్బయా?" అని ఆయన మొదటి రోజే అడిగారు. చాలదని గట్టిగా చెప్పేంత తెలివి అప్పటికి నాకూ లేదు.

బర్రె పొట్టలో నాలుగు అరలు ఉంటాయి. గబగబా మేసి, తీరిగ్గా నెమరు వేసి, గడ్డిలోని సారమంతా రాబట్టుకుంటుంది. గుర్రానికి ఉన్నది ఒకటే చిన్న జీర్ణాశయం. దానికి నెమరు లేదు, మింగినదాన్ని కక్కుకోవడం చేతకాదు, పీచు పులిసి అరిగేది పెద్దపేగులోనే. అందుకని రోజంతా కొద్దికొద్దిగా మేస్తూ ఉండవలసిన ఆ జంతువుకు, రెండు పూటలా ఇంత వరిగడ్డి, తట్టెడు తౌడు పడుతూ వచ్చాయి. తౌడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కావడం వల్ల, నెలల తరబడి అదే పెడితే గుర్రం తన ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించుకుంటుంది, చివరకు ముఖం ఎముకలు ఉబ్బిపోతాయి. మాకు అంతదూరం రాలేదు, దానికంటే ముందే మరొకటి వచ్చింది, పేగులో మేత గట్టిపడి అడ్డుపడే కడుపునొప్పి.

రోహిణి కార్తె ఎండల్లో తొట్టి మధ్యాహ్నానికే అడుగంటుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. ఒక రాత్రి ముత్యం పడుకోవడం, లేవడం, ముంగాలితో నేల గీరడం, తల తిప్పి డొక్క వైపు చూసుకోవడం కాపలా కుర్రవాడు చూశాడు గాని, గొడ్డు పడుకుని లేవడం వింతేమీ కాదు కాబట్టి ఊరుకున్నాడు. పొద్దున నేను వెళ్లేసరికి దాని ఒళ్లంతా చెమట. డాక్టరు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న, లద్దె ఎప్పుడు వేసిందని. ఆ ఆవరణలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయాం. ముక్కులోంచి గొట్టం దించి లిక్విడ్ పారాఫిన్, నీళ్లు పోసి, నొప్పికి సూది వేసి, సాయంత్రం దాకా ఆయన అక్కడే కూర్చున్నారు. చీకటి పడ్డాక అది నాలుగు ఉండలు వేసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇంట్లో చెబితే నవ్వారు.

ఆ తరవాత ఒప్పందం మళ్లీ రాసుకున్నాం. కాలవ గట్ల మీద కోసిన గరిక, పొలానికి మందు కొట్టలేదని అడిగి తెలుసుకున్న తరవాతే, నాలుగైదు విడతలుగా పడుతోంది. రోజుకు ముప్పై లీటర్లకు తగ్గకుండా, ఎండాకాలంలో అంతకు మించి, తొట్టిలో నీళ్లుంటాయి. ఉలవలు ఉడికించి కొద్దిగా పెడతారు, ఆ ఉలవకట్టు మాత్రం పెద్దాయన ఇంటికి చారుకు వెళుతుంది, అందులో నాకూ ఒక గిన్నె వాటా ఉంది. కోళ్ల దాణా బస్తా ఆ గది దరిదాపుల్లో ఉండకూడదన్నది నేను పట్టుబట్టి రాయించిన షరతు, ఎందుకంటే కొన్ని దాణాల్లో కలిపే మోనెన్సిన్ కోడికి మందే అయినా గుర్రం గుండెకు విషం.

గిట్టల పని ఇంకా కుదుటపడలేదు. ఇక్కడ లాడాలు కొట్టేవారు ఎద్దులకు అలవాటుపడినవారు, చీలిన గిట్టకు రెండేసి రేకులు కొట్టడం వారి పని. ఆరేడు వారాలకొకసారి చెన్నై నుంచి మనిషిని రప్పిస్తే ప్రయాణం ఖర్చే కూలిని మించుతోంది.

ఏరు దాటి ఉంచడంలో ఉన్న మరో ఇబ్బంది వానాకాలంలో తెలుస్తుంది. 2021 నవంబరు వరదల్లో నెల్లూరుకూ కోవూరుకూ మధ్యనున్న పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగిపోయింది. మళ్లీ అలాంటిది వస్తే నేను ఇవతల, ముత్యం అవతల. అందుకని అటక మీద పది రోజుల ఎండుగడ్డి ఎప్పుడూ ఉంచుతున్నాను, గది నేలను అడుగు ఎత్తు లేపించాను.

పెద్దాయన ఇప్పుడు రోజూ తెల్లవారుజామున పాలు పితకడానికి కూర్చునే ముందు ఫోను చేస్తారు. పలకరింపు లేదు, కుశలప్రశ్న లేదు. "రాత్రి అయిదుసార్లు లద్దె వేసింది అబ్బయా" అని చెప్పి పెట్టేస్తారు.